దూలం కింద గేషె

గేషె లావుగా ఉండేది. ఎంత బరువో మా వీధిలో అందరికీ తెలుసు. ఆమె మొగుడే చెప్పాడు.

మొగుడు హార్మ్ కాలువ అవతల గంజిపొడి ఫ్యాక్టరీలో కాటా దగ్గర పని చేసేవాడు. బంగాళాదుంపలు తవ్వే కాలంలో రైతుల బళ్లు ఫ్యాక్టరీ గేటు నుంచి వంతెన దాకా బారు తీరేవి. హార్మ్ ప్రతి బండిలోంచీ ఒక బకెట్టు దుంపలు తీసి, కడిగి, మళ్లీ తూచి, మట్టి ఎంతో చూసి తరుగు తీసేవాడు. మా డ్రెంతె ప్రాంతం మట్టి నల్లటిది. తడిసిందంటే దుంపని వదలదు. తరుగు ఎక్కువ పడిన రైతు కాటా గది గుమ్మంలో తన బూట్ల మట్టి గీకి వదిలి పోయేవాడు. హార్మ్ చీపురుతో ఊడ్చి తర్వాతి బండిని రమ్మనేవాడు. కోపం లేదు, గొంతు లేవదు. "కాటా ఎంత చూపిస్తే అంత" అనేవాడు. ఆ మాట మీదే బతికాడు.

గేషె పడవలో పుట్టింది. వాళ్ల నాన్న పొయ్యిలో కాల్చే బొగ్గుమట్టి ఇటుకలు మోసే పడవ నడిపేవాడు. ఆ పడవ వెనక చెక్క గదిలో పెద్దవాళ్లు వంగి తిరగాలి. పెళ్లి మాటలప్పుడు ఆమె ఒకటే అడిగిందట, నిటారుగా నిలబడగలిగే ఇల్లు. హార్మ్ ఇచ్చాడు. మా ఎదురిల్లే. ఎత్తైన గదులు, పెద్ద ముందు కిటికీ, పక్కన ఖాళీ జాగా. పిల్లలు లేరు. ఆ ఖాళీ జాగాలో హార్మ్ గ్యారేజీ కట్టాడు.

గ్యారేజీ కారుకి కాదు, బండికి. కారు వెనక తగిలించుకుని పోయే చిన్న ఇంటిబండి. లోపల రెండు పరుపులు, గ్యాసు పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి. ఆ రోజుల్లో మా వీధిలో సగం మందికి ఇలాంటివి ఉండేవి. వేసవిలో ఫ్యాక్టరీ మూసినప్పుడు అందరం ఫ్రాన్సు పోయేవాళ్లం, బండి నిండా మా దుంపలు, మా కాఫీపొడి, మా జున్ను వేసుకుని. అక్కడ దుంపలు దొరకవని కాదు. ఇంట్లో ఉండగా ఎందుకని.

తిరిగొచ్చాక బండి పెట్టుకోవడమే తంటా. వీధిలో మూడు రోజులకి మించి నిలపకూడదని మున్సిపాలిటీ రూలు. అందరూ రైతుల కొట్టాల్లో పెట్టేవాళ్లు. హార్మ్ బండిని ఏ రైతూ తన కొట్టంలోకి రానివ్వడు. అందుకని గ్యారేజీ.

ఫ్రాన్సు బయల్దేరే ముందురోజు హార్మ్ బండి ఎత్తు కొలిచాడు. సగం లేచిన గ్యారేజీ గోడ మీద సుద్దతో గీత గీశాడు. దూలం ఆ గీత మీద వెయ్యమని మేస్త్రీకి చెప్పాడు. ఎత్తు పెట్టినకొద్దీ చలిగాలి, ఇటుకల దండగ. బండి నిండా దుంపల బస్తాలు సర్ది ఉన్నాయి. బండి ఇరుసు మీద కుంగి ఉంది. తరుగు తీసే మనిషి ఆ బరువు తీసి చూడలేదు.

తిరిగొచ్చేసరికి దుంపలు అయిపోయాయి. దూలం గట్టిపడింది.

డ్రెంతెలో పొరుగువాడు పిలిస్తే రానని అనరు. పురుడైనా, చావైనా, బండి తోయడమైనా. ఆ శనివారం మధ్యాహ్నం మగవాళ్లంతా వచ్చారు. మా ఆయన ఎగ్బర్ట్, హార్మ్ పక్కింటి లామర్ట్, ఇంకా కొందరు. కారు తప్పించి, బండిని వెనకవైపు నుంచి గ్యారేజీలోకి తోశారు. బండి నడినెత్తి దూలానికి కొట్టుకుంది.

"ఇదేంట్రా హార్మ్," అన్నాడు లామర్ట్, "ఫ్రాన్సు తిండికి బండి ఎదిగిందా?"

లామర్ట్ పశువుల దాణా అమ్ముతాడు. పీపాలాంటి మనిషి. వీధిలో ఏ జోకైనా ముందు అతని నోట్లోంచే రావాలి.

"మేస్త్రీ తప్పు," అన్నాడు ఎగ్బర్ట్, హార్మ్ మీద జాలిపడి.

"తప్పు కాదు," అన్నాడు హార్మ్. "దూలం గీత మీదే ఉంది."

"అయితే గీత తప్పు."

హార్మ్ వంగి టైర్ల వంక చూశాడు. గీత తప్పని ఒప్పుకుంటే సోమవారానికి కాలువ రెండు ఒడ్లకీ తెలుస్తుంది. కాటా దగ్గర వరసలో ఉన్న ప్రతి రైతూ తన కడిగిన దుంపల వంక చూసి నవ్వుతాడు. టైర్ల గాలి తీయించాడు. బండి ఒక వేలు దిగింది. ఇంకా రెండు వేళ్ల ఎత్తు మిగిలింది. హార్మ్ బండిని చూశాడు, దూలాన్ని చూశాడు. తర్వాత వాకిట్లో కాఫీ కప్పులు పట్టుకుని నిలబడిన గేషెని చూశాడు. కాటా గదిలోంచి బళ్లని అలాగే చూసేవాడు.

"గేషె, ఎక్కు."

"ఎక్కడికి?"

"బండెక్కు. ఇరుసు మీద కూర్చో. మధ్యలో."

ఆమె కప్పులు గోడ మీద పెట్టింది. చేతులు తుడుచుకుని ఎక్కింది. బండి మూలిగి కిందికి దిగింది. మగవాళ్లు తోశారు. దూలానికీ పైకప్పుకీ మధ్య వేలు దూరదు, కానీ బండి పోయింది.

"చూశావా," అన్నాడు హార్మ్, "పడుతుంది. కొలత సరిగ్గానే ఉంది."

అప్పుడు చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను.

లోపలి నుంచి గేషె తలుపు తెరవబోయింది. తలుపు బండి పక్కన ఉంటుంది. గ్యారేజీ వెడల్పు కూడా హార్మ్ అవసరమైనంతే పెట్టాడు. తలుపు జానెడు తెరుచుకుని గోడకి తగిలింది. జానెడు సందులో గేషె చెయ్యి బయటికొచ్చింది, మోచేతి దాకా.

"హార్మ్, తలుపు రావట్లేదు."

"ముందు కిటికీలోంచి దిగు."

బండి ముందు భాగంలో పైకెత్తి తెరిచే కిటికీ ఉంది. అది వీధివైపు. గేషె దాన్ని ఎత్తి, ముందు తల, తర్వాత భుజాలు బయటపెట్టింది. నడుము దగ్గర ఇరుక్కుంది. కాళ్లు లోపల, మనిషి బయట. కిందికి దిగడానికి ఆధారం లేదు. ముఖం ఎర్రబడింది. లంగా ఏదో కొక్కేనికి పట్టుకుంది.

"దూడ అడ్డం తిరిగింది," అన్నాడు లామర్ట్. "తాడు తేండిరా."

వీధి మొత్తం నవ్వింది. లామర్ట్ పెళ్లాం ఫెన్నా నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుని కూర్చుంది. హార్మ్ నవ్వలేదు. అతను దూలం కింద నిలబడి పైకప్పు మీద గీతలు పడ్డాయేమో తడుముతున్నాడు. చివరికి ఎగ్బర్ట్, ఇంకొకతను చెరో చెయ్యి పట్టి లాగారు. గేషె మోకాళ్ల మీద పడింది. లేచింది. గోడ మీద చల్లారిన కప్పులు తీసుకుని లోపలికి పోయి కాఫీ మళ్లీ వేడిచేసి తెచ్చింది. ఒక్కొక్కరికీ ఒక బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టింది.

మరుసటి ఏడు బండి పెట్టే రోజు కొందరు కుర్చీలు తెచ్చుకున్నారు.

అలా చాలా ఏళ్లు జరిగింది. వేసవిలో బండి బయటికి తీసేటప్పుడు మాత్రం ఫ్రాన్సుకి పోయే దుంపల బస్తాలే కిటికీలోంచి వేసేవాళ్లు, ఆ బరువు చాలేది. రెండో ఏడే గేషె వంటింటి ముక్కాలిపీట తెచ్చి గ్యారేజీ గోడ పక్కన, చెత్తడబ్బా వెనక పెట్టుకుంది. కిటికీలోంచి నడుము బయటికి రాగానే చేత్తో దాన్ని దగ్గరికి లాక్కుని, దాని మీద అరచేతులు ఆనించి, ఒక కాలు, తర్వాత ఒక కాలు. నేర్చుకుంది. ముక్కాలిపీట ఎవరూ అందించలేదు. అందిస్తే ఆట తొందరగా అయిపోతుంది.

ఒకసారి హార్మ్ ఆమెని బండిలో కూర్చోబెట్టి ఫ్యాక్టరీ కాటా ఎక్కించాడు. ఒకసారి ఆమెతో, ఒకసారి ఆమె లేకుండా. ఆ అంకె ఎగ్బర్ట్ పుట్టినరోజున మా ఇంట్లో చెప్పాడు. మా ఇళ్లలో పుట్టినరోజంటే గోడ చుట్టూ కుర్చీలు, కాఫీ, తలా ఒక కేకు ముక్క. అందరూ గుండ్రంగా కూర్చుని ఉన్నారు. గేషె హార్మ్ పక్కనే ఉంది.

"అంతా?" అన్నాడు లామర్ట్. "తరుగు తీశాకా, ముందా?"

"తీశాక," అన్నాడు హార్మ్. అతను జోకు వెయ్యలేదు. బూట్లు, కోటు బరువు నిజంగానే తీసేశాడు.

ఆ రోజు నుంచి ఎవరి పుట్టినరోజుకైనా గేషె పళ్లెంలో రెండో ముక్క పడేది. "బండి కోసం" అనేవాళ్లు. వద్దంటే అలిగినట్టు అవుతుంది. మా దగ్గర అలగడం అన్నిటికన్నా సిగ్గు. ఆమె తినేది. నేను కూడా పెట్టాను, రెండు మూడుసార్లు.

ఎగ్బర్ట్ ఒకసారి అడిగాడు. "హార్మ్, గేషెనెందుకు ఎక్కించడం? రెండు మూడు దుంపల బస్తాలు వేస్తే సరిపోదా?"

"బస్తాలు ఎత్తాలి. మళ్లీ దించాలి," అన్నాడు హార్మ్. "ఈవిడ తనే ఎక్కుతుంది, తనే దిగుతుంది."

గేషె అక్కడే బట్టలు ఆరేస్తోంది. ఒక క్లిప్పు పళ్ల మధ్య ఉంది. అది తీసి తాడుకి పెట్టింది.

ఆ చివరి ఏడు, చలికాలం పోతున్న రోజుల్లో, ఆమె మా వంటింటికి వచ్చింది. నేను ఎండు చిక్కుళ్లు వలుస్తున్నాను. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"హిల్లే," అంది, "ఇంకోసారి ఆ కిటికీలోంచి దిగను."

"హార్మ్‌కి చెప్పావా?"

"చెప్తే, తలుపులోంచి దిగు అంటాడు. తలుపు తెరుచుకోదు కదా."

"మరి?"

"సన్నబడతాను." చాలా మామూలుగా చెప్పింది, గోడకి సున్నం వేయిస్తానన్నట్టు. "సన్నబడితే బండి దిగదు. దిగకపోతే లోపలికి పోదు. పోకపోతే నేను కిటికీలోంచి రానక్కర్లేదు."

"దూలం మళ్లీ వేయిస్తే పోలేదా?"

"హార్మ్ గీసిన గీత అది," అంది. "నన్ను పాతిపెట్టినా దాన్ని పగలగొట్టడు."

తర్వాత నా చిక్కుళ్ల గిన్నెలోకి చూసింది. "ఒక గుప్పెడు ఇస్తావా? దుంపలు మానేశాను. దుంపలు లేకుండా ఏం తింటారో తెలియట్లేదు."

ఇచ్చాను.

దుంపలు మానేసింది. వెన్న మానేసింది. కాలువ గట్టు మీద వంతెన దాకా నడిచి తిరిగొచ్చేది, వానలో కూడా. లామర్ట్ పుట్టినరోజున ఫెన్నా రెండో ముక్క పెడితే పళ్లెం పక్కకి జరిపింది.

"ఏంటమ్మా, బండిని ఎండగడతావా?" అన్నాడు లామర్ట్.

"బండి సంగతి నువ్వు చూసుకో. నీ దగ్గర బరువుంది," అంది గేషె.

గుండ్రంగా కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా కాఫీ తాగారు. గేషె నోట్లోంచి అలాంటి మాట ఎవరూ వినలేదు. ఇంటికెళ్లేటప్పుడు హార్మ్ ఆమె ముందు నడిచాడు. ఎప్పుడూ ముందే నడిచేవాడు, కానీ ఆ రోజు దూరంగా.

వేసవికి ఆమె గౌన్లు కుట్లు వేసి బిగించింది. ఫ్రాన్సు నుంచి తిరిగొచ్చేసరికి ఆ కుట్లు కూడా వదులయ్యాయి. మెడ మీద చర్మం వేలాడింది. కళ్లు పెద్దవయ్యాయి. పదహారేళ్ల పిల్లలా చకచకా నడిచి నా దగ్గరికి వచ్చింది.

"ఫ్రాన్సులో తిన్నాను హిల్లే. ఆపుకోలేకపోయాను. రొట్టె, వెన్న, అన్నీ. అయినా తగ్గుతూనే ఉన్నాను." నవ్వింది. "ఒంటికి అలవాటైపోయింది."

నేను కూడా నవ్వాను. అలా అలవాటవుతుందేమో అనుకున్నాను.

బండి పెట్టే శనివారం ఎండ కాసింది. కుర్చీలు వచ్చాయి. పిల్లలు గోడ ఎక్కారు. టైర్ల గాలి తీశారు. గేషె ఉతికిన తెల్ల గౌను వేసుకుని, ఎవరూ చెప్పకముందే బండెక్కింది. బండి మూలగలేదు.

తోశారు. దూలం దగ్గర ఆగింది.

"మధ్యలో కూర్చో!" అన్నాడు హార్మ్.

"మధ్యలోనే ఉన్నా," లోపలి నుంచి గొంతు.

మళ్లీ తోశారు. రేకు కీచుమంది. పైకప్పు అంచు దూలం కింద ముడతపడింది. ఇంకా తోస్తే చిరుగుతుందని ఎగ్బర్ట్ చెయ్యి అడ్డం పెట్టాడు. బండిని వెనక్కి లాగారు. సగం వాకిట్లో, మూతి కాలిబాట మీద.

"నేనెక్కనా?" అన్నాడు లామర్ట్. "ఒక్క క్షణం పని."

"అక్కర్లేదు," అన్నాడు హార్మ్. "మా ఇంట్లో మనిషి ఉంది."

గేషె తలుపు తెరిచింది. బయట వాకిట్లో తలుపు పూర్తిగా తెరుచుకుంది. మెట్టు మీద కాలు పెట్టి, గౌను అంచు పట్టుకుని, చర్చిలోంచి వచ్చినట్టు దిగింది.

హార్మ్ పైకప్పు ముడత మీద వేలు రాస్తున్నాడు. తిరిగి చూడకుండా అన్నాడు, "కావాలనే చేశావు."

"ఔను," అంది గేషె. "కావాలనే."

కుర్చీలు మడిచిన చప్పుడు వినిపించింది. ఆ రోజు చూడ్డానికి ఏమీ మిగల్లేదు. గేషె కాఫీ పెట్టింది. అందరికీ రెండు బిస్కెట్లు ఇచ్చింది. డబ్బా మూత తెరిచే ఉంచింది. ఆమెని అంత సంతోషంగా నేను మళ్లీ చూడలేదు.

ఆకులు రాలేసరికి ఆమె మెట్లెక్కలేకపోయింది. డాక్టరు వచ్చి పొట్ట నొక్కి చూశాడు. పెద్ద ఆసుపత్రికి పంపారు. అక్కడ పొట్ట కోసి, చూసి, మళ్లీ కుట్టేశారు. ఎప్పటి నుంచి తగ్గుతున్నారని అడిగితే వసంతం నుంచి అందట. ఎందుకు రాలేదని అడిగారట.

"నేనే తగ్గిస్తున్నాననుకున్నా" అని చెప్పిందట. ఆ మాట నాకు చెబుతూ దుప్పటి అంచు మడతపెట్టింది, విప్పింది.

మంచం ముందుగదిలో వేశారు, పెద్ద కిటికీ పక్కన. మంచం మీద నుంచి బండి కనిపించేది, నీలం పట్టా కప్పుకుని, మూతి కాలిబాట మీద. మున్సిపాలిటీ మనిషి ఒకసారి వచ్చాడు. కిటికీలోంచి మంచం చూసి టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

హార్మ్ ఆమెకి తినిపించేవాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, ముందు గంజి, తర్వాత పందికొవ్వు వేసి వేయించిన అట్లు, మీగడ వేసిన పెరుగు. చెంచా నోటి దగ్గర పట్టుకుని ఎంతసేపైనా కూర్చునేవాడు. మా కిటికీల్లోంచి అందరం చూశాం. మా దగ్గర సాయంత్రం తెరలు వెయ్యరు. ఫెన్నాకి కన్నీళ్లు వచ్చాయి. "మనం హార్మ్‌ని ఏమేమో అన్నాం" అంది. లామర్ట్ కూడా కొన్నాళ్లు జోకులు మానేశాడు.

ఒకరోజు ఎగ్బర్ట్ వాకిట్లో మంచు ఊడవడానికి సాయం వెళ్లి, ధైర్యం చెప్పబోయాడు.

"తింటోందిగా. మంచిదే."

"తింటోంది," అన్నాడు హార్మ్. పట్టా మీది మంచు చీపురుతో దులిపాడు. "కాస్త ఒళ్లు పట్టాలి. వసంతానికి ఎక్కగలిగితే చాలు."

ఎగ్బర్ట్ ఇంటికొచ్చి భోజనం చెయ్యలేదు. అడిగితే చెప్పాడు. నేను తెరలు వేశాను.

తర్వాతి వారం నేను గేషె దుప్పట్లు మార్చడానికి వెళ్లాను. పొరుగు ఆడవాళ్ల పని అది. ఎత్తితే బుట్టెడు బట్టలంత ఉంది. ఆమె మంచం పక్కకి వేలు చూపించింది. అక్కడ ఆ వంటింటి ముక్కాలిపీట ఉంది. మందుసీసాలు పెట్టుకోవడానికి వాడుతున్నారు.

"అది తీసుకుపో."

"సీసాలు ఎక్కడ పెట్టుకుంటావు?"

"నేల మీద. అది నీ ఇంట్లో పెట్టుకో హిల్లే. ఎవరడిగినా ఇవ్వకు."

"ఎవరడుగుతారు?"

గేషె కిటికీలోంచి చూసింది. పట్టా గాలికి కొట్టుకుంటోంది. "ఎవరో ఒకర్ని ఎక్కిస్తాడు," అంది. "దూలం మాత్రం పగలగొట్టడు."

ఆమె గొంతులో కోపం లేదు. హార్మ్ కాటా గురించి మాట్లాడినట్టే మాట్లాడింది. ముక్కాలిపీట చాటుగా తేవలసిన అవసరం లేదు, అయినా కోటు కింద పెట్టుకుని వీధి దాటాను.

కాలువ మీద మంచు కరగకముందే గేషె పోయింది. ఇరుగుపొరుగువాళ్లం కాబట్టి శవాన్ని కడగడం నా వంతు, ఫెన్నా వంతు. తుంటి మీద రెండువైపులా అడ్డంగా గోధుమరంగు చారలు ఉన్నాయి. పాతవి. ఫెన్నా గుడ్డతో రుద్దింది, పోతాయేమోనని.

"ఇవేంటి?" అంది.

"కిటికీ అంచు," అన్నాను.

ఫెన్నా గుడ్డని పిండి, బకెట్టు అంచు మీద ఆరేసింది. మళ్లీ తీసింది. మళ్లీ ఆరేసింది.

శవపేటిక పొరుగువాళ్లే మోస్తారు. బండి తోసినవాళ్లే. నల్ల కోట్లు, నల్ల టోపీలు. భుజానికెత్తుకునేటప్పుడు ముందున్న లామర్ట్ అలవాటుగా మోకాళ్లు వంచి ఊపిరి బిగించి లేచాడు. పేటిక ఉన్నట్టుండి పైకి లేచింది. వెనకవాళ్లు తడబడ్డారు. అంత బలం అక్కర్లేదు. లామర్ట్ ముఖం తెల్లబోయింది. స్మశానం దాకా పేటిక ముందువైపు ఎత్తుగా, వెనకవైపు వాలుగా నడిచింది. ఎవరూ సరిచెయ్యమని చెప్పలేదు.

తిరిగొచ్చాక హార్మ్ ఇంట్లో కాఫీ, కేకు. గోడ చుట్టూ కుర్చీలు. తలా ఒక ముక్క. మంచం తీసేశారు. ఆ చోటు ఖాళీగా ఉంది, అక్కడ ఎవరూ కుర్చీ వేసుకోలేదు. ఒకరిద్దరు గేషె కాఫీ బాగుండేదన్నారు. హార్మ్ తల ఊపాడు. కప్పు కింద పెట్టాడు.

"అందరూ ఉన్నారు కదా," అన్నాడు, "బండి కూడా పెట్టేద్దాం. మున్సిపాలిటీ వాళ్లు ఇంక ఊరుకోరు."

ఎగ్బర్ట్ నా వైపు చూశాడు. పొరుగువాడు పిలిచాడు. మగవాళ్లు లేచారు.

పట్టా తీశారు. టైర్లలో గాలి అప్పటికే లేదు. హార్మ్ దూలాన్ని చూశాడు, బండిని చూశాడు, మనుషుల్ని ఒక్కొక్కరినీ చూశాడు. లామర్ట్ దగ్గర ఆగాడు.

"నువ్వెక్కు."

"నేనా? ఇవాళా?" లామర్ట్ టోపీ చేత్తో తిప్పాడు. "బస్తాలు వేద్దాం హార్మ్. మా కొట్లో దాణా బస్తాలున్నాయి. నేనే మోసుకొస్తా."

"అప్పుడు ఎక్కుతానన్నావుగా. అప్పుడు మా ఇంట్లో మనిషి ఉంది. ఇప్పుడు లేదు."

లామర్ట్ మా వైపు చూశాడు, ఎవరైనా ఏదైనా అంటారేమోనని. అంత్యక్రియల కోటుతో బండెక్కాడు. బండి మూలిగి కిందికి దిగింది. గేషె మొదటి ఏడు దిగినంత. మగవాళ్లు తోశారు. దూలం కిందనుంచి బండి సాఫీగా లోపలికి పోయింది.

హార్మ్ పైకప్పుకీ దూలానికీ మధ్య చెయ్యి పెట్టి చూశాడు. "పడుతుంది," అన్నాడు. చేతులు దులుపుకుని ఇంట్లోకి పోయాడు. మిగిలిన కేకు మీద మూత పెట్టడం కిటికీలోంచి కనిపించింది.

గ్యారేజీలో తలుపు జానెడు తెరుచుకుని గోడకి తగిలింది. తర్వాత ముందు కిటికీ పైకి లేచింది. ముందు తల వచ్చింది, తర్వాత భుజాలు. పొట్ట దగ్గర ఆగాడు. ముఖం ఎర్రబడింది. నల్ల టోపీ జారి దొర్లి నా కాళ్ల దగ్గర పడింది.

"నవ్వకండిరా," అన్నాడు.

ఎవరూ నవ్వట్లేదు.

"ఎగ్బర్ట్, ఇంకొకరు ఇటు రండి, చేతులు పట్టండి." ఇద్దరు లాగారు. కోటు చంకలో చిరిగింది. మనిషి రాలేదు. వెనక్కీ పోలేదు. కిటికీ అంచు పొట్టలో దిగింది. "ఆగండి, ఆగండి, కోసేస్తోంది. కింద ఏదైనా పెట్టండి. ఆ ముక్కాలిపీట ఉండాలిగా, చెత్తడబ్బా వెనక."

ఎగ్బర్ట్ చెత్తడబ్బా జరిపాడు. నేల మీద మూడు గుంటలున్నాయి, కాళ్ల అచ్చులు.

"లేదు."

"ఇంట్లో చూడండి! ఫెన్నా, వంటింట్లో చూడు!"

ఫెన్నా పరుగెత్తుకుని వెళ్లింది. గిన్నెల చప్పుడైంది. ఉత్తచేతులతో వచ్చింది. "హార్మ్‌కి తెలీదంట. గేషెకే తెలుసంట ఎక్కడుందో."

అందరూ చుట్టూ చూశారు. ఫెన్నా నా దగ్గరికి వచ్చి మోచెయ్యి పట్టుకుంది. "హిల్లే, నువ్వు దుప్పట్లు మార్చడానికి వెళ్లేదానివిగా. నీకు కనబడలేదా?"

వీధి అవతల మా వంటింటి కిటికీలో దీపం వెలుగుతోంది. ఆ దీపం కింద గోడవారగా ముక్కాలిపీట ఉంది. దాని మీద నా చిక్కుళ్ల గిన్నె ఉంది.

"లేదు," అన్నాను.

వంగి లామర్ట్ టోపీ తీశాను. మట్టి దులిపి గోడ మీద పెట్టాను, ఒకప్పుడు గేషె కప్పులు పెట్టిన చోట. తర్వాత వీధి దాటి ఇంటికి వచ్చాను. తెరలు వెయ్యలేదు.